మైకు ముందు కూర్చున్న గోల్‌కీపరు

పోయిన ఆదివారం పొద్దున్న మా వీధి మలుపులోని టీ కొట్టులో, మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టి స్టూలు మీద కూర్చుని పలాటా, అంటే పరోటా, తింటున్నాను. పక్క బల్ల మీద చక్కెర డబ్బాకు ఆనించిన ఫోనులోంచి మా చిన్నమావయ్య గొంతు వినబడింది. ఏదో ఫుట్‌బాల్ మ్యాచి. ఆ బల్ల దగ్గరి పెద్దమనుషులిద్దరూ ఆట చూడటం మానేసి ఆయన గురించి వాదించుకుంటున్నారు. ఈ వ్యాఖ్యాత ఒకప్పుడు ఫుట్‌బాల్ ఆటగాడని ఒకాయన అన్నాడు. కాదు, మంచు మీద కర్ర పట్టుకుని ఆడేవాడట అని రెండో ఆయన అన్నాడు. "రంగూన్‌లో మంచు ఎక్కడుందయ్యా, చేపల బజారులోనా?" అని మొదటాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినవాణ్ణి. ఊరి శివార్లలోని లైంగ్‌థార్యార్‌లో ఒక బట్టల ఫ్యాక్టరీలో జనరేటర్లూ వైరింగూ చూసుకుంటాను. తప్పుడు సమాచారం నా పక్కనే తిరుగుతూంటే, వదులైన స్క్రూ కనబడినట్టు చేతులు దురద పెడతాయి. కానీ ఆ ఇద్దరికీ ఉన్నదున్నట్టు చెప్పాలంటే గంట పడుతుంది, టీ చల్లారిపోతుంది. అందుకని ఇంటికొచ్చి ఒక కాగితం మీద రాయవలసినవి మూడని రాసుకున్నాను. ఒకటి మంచు, రెండు మైకు, మూడు ఆ పన్నెండు నిమిషాలు. మూడూ రాసేటప్పటికి ఆరు కావచ్చు. మా చిన్నమావయ్య విషయంలో లెక్క ఎప్పుడూ పెరుగుతుందే కాని తగ్గదు.

ఆయన మా అమ్మకు ఆఖరి తమ్ముడు. మా ముత్తాతలు ఓడరేవు పనికి విశాఖపట్నం వైపు నుంచి రంగూన్ వచ్చి మింగళ తౌంగ్‌న్యున్ పేటలో రైలు స్టేషనుకు దగ్గరగా కాపురాలు పెట్టారు. ఇప్పుడు మాలో రేవులో పని చేసేవాళ్ళు లేరు. తలొక పనీ చేస్తున్నాం. చిన్నమావయ్య ఎయిర్‌కండిషనర్లు బాగుచేసే పని నేర్చుకున్నాడు. కుర్రతనంలో మా పేట ఫుట్‌బాల్ జట్టుకు గోల్‌కీపరు. అందుకు కారణం ప్రతిభ అని ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు. పరిగెత్తమంటే విసుగు, ఊరికే ఉండమంటే నోరు ఊరుకోదు. ఈ రెండు గుణాలూ ఉన్న మనిషిని ఏ జట్టయినా గోలు దగ్గరే నిలబెడుతుంది.

తరవాత బ్యాంకాక్ వెళ్ళాడు. అక్కడొక పెద్ద దుకాణాల భవనంలో, పై అంతస్తులో, మంచు నేల ఉంది. జనం ఇనుప అంచుల బూట్లు వేసుకుని దాని మీద జారుతూ తిరుగుతారు. ఆ నేల కింద గొట్టాల్లో చల్లటి ద్రవాన్ని తిప్పే యంత్రాలు మా మావయ్య చేతికొచ్చాయి. సాయంత్రాలు అక్కడ ఐస్ హాకీ ఆడేవారు. ఆఫీసుల్లో పనిచేసే దొరలు కొందరు, అక్కడి కుర్రాళ్ళు కొందరు. ఒకరోజు ఒక జట్టుకు గోల్‌కీపరు రాలేదు. యంత్రాల గదిలోంచి బయటికొచ్చిన మా మావయ్యను చూసి, నువ్వు నిలబడతావా అని ఎవరో అడిగారు. ఆయనకు అప్పటికి మంచు మీద నడవటం కూడా రాదు. అయినా గోలు దగ్గర నిలబడటమే కదా, నడిచే పనేముంది అనుకున్నాడు. తన జీవితంలో వేసుకున్న అంచనాలన్నిటిలోకీ అదే అధ్వాన్నమైనదని తరవాత ఆయనే ఒప్పుకున్నాడు. ఆ మొదటిరోజు నిలబడి ఆపిన బంతులకంటే, అంటే రబ్బరు బిళ్ళలకంటే, పడిపోయి ఆపినవే ఎక్కువట. అదే మంచి పద్ధతని తరవాత తెలిసింది. ఆ ఆటలో గోల్‌కీపరు పని రెండు మోకాళ్ళూ లోపలికి మడిచి, దబ్బున కింద పడి, కాళ్ళతో నేలను మూసెయ్యడమే. మా మావయ్యకు పుట్టుకతో వచ్చిన విద్య అది.

ఆరేళ్ళు ఆడాడు. ఆ ఆరేళ్ళలో అక్కడి రక్షకులకు రెండు తెలుగు మాటలు నేర్పాడు. మన ఫుట్‌బాల్‌లోలాగే అక్కడా, గోలుకు ముందు నిలబడే ఆటగాళ్ళు బిళ్ళవైపే చూస్తూంటారు. వాళ్ళ వీపు వెనక ఎవడు దూరుతున్నాడో గోల్‌కీపరుకు మాత్రమే కనబడుతుంది. కనబడినది కనబడినట్టు అరవడం అతని పనిలో సగం. రబ్బరు బిళ్ళ కొట్టిన చోటినుంచి గోలు చేరటానికి అర సెకను కూడా పట్టదు కాబట్టి, ఇంగ్లీషులో తర్జుమా చేసుకునే తీరిక ఉండదు. మా మావయ్య నోటికి వచ్చింది మా అమ్మమ్మ తెలుగే. "ఎనకాతల!" అంటే వెనక్కి చూడు. "ఎడం!" అంటే ఎడమవైపు మూసెయ్. నెల తిరిగేసరికి ఆరడుగుల దొరలు ఈ రెండు మాటలకూ ఠక్కున తిరిగేవారట. ఒకాయన పెళ్ళికి పిలిచినప్పుడు, పెళ్ళికొడుకు వెనకనుంచి "ఎనకాతల" అని నెమ్మదిగా అంటే, ఉంగరం చేతిలో ఉండగానే గిరుక్కున తిరిగాడని మావయ్య చెప్తాడు. దీనికి రుజువులు లేవు. కనక ఇది నిజమని నేను హామీ ఇవ్వలేను.

మోకాళ్ళు అరిగాక తిరిగి వచ్చేశాడు. వస్తూ మనిషి పట్టేంత సంచి ఒకటి తెచ్చాడు. దాన్ని విప్పినరోజు నేను పక్కనే ఉండి జాబితా రాశాను. ముఖానికి పంజరంలాంటి తొడుగు, గొంతుకు పలక, ఛాతీకి పరుపు, ఒక చేతికి పలకలాంటిది, రెండో చేతికి బుట్టలాంటిది, కాళ్ళకు దిండ్లంత కవచాలు. ఇవి కాక వాసన. అమ్మ ముక్కు మూసుకుని, మన నప్పి డబ్బా, అంటే చేపల ముద్ద డబ్బా, దీనికంటే నయమంది. అమ్మమ్మ ఆ కాళ్ళ కవచాలు తట్టి చూసి, "ఇయ్యేసుకుని ఏటి సేసీవోడివిరా?" అని అడిగింది. మంచు మీద ఆడానన్నాడు. "జారి పడ్డానికి అంత దూరం ఎల్లాలేటి? మన నీల్ల గదే సాలదా?" అంది అమ్మమ్మ. నీళ్ళ పండగ రోజుల్లో ఆయన ఆ సరంజామా అంతా తొడుక్కుని మా గుమ్మం ముందు మోకాళ్ళు మడిచి కూర్చునేవాడు. వీధివీధంతా బకెట్లతో వచ్చి గోలు కొట్టడానికి ప్రయత్నించేది. తలుపులోకి ఒక్క చుక్క పడనిచ్చేవాడు కాదు. కవచాలు ఆరడానికి మాత్రం వర్షాకాలం దాకా పట్టేది.

ఇక్కడికొచ్చి మళ్ళీ ఏసీల పని పట్టుకున్నాడు. రంగూన్ ఇళ్ళు చూసినవాళ్ళకు ఆ పని సంగతి తెలుస్తుంది. ఇరుకైన ఆరంతస్తుల భవనాలు. ఏసీ పెట్టెలు బయటి గోడలకు వేలాడుతూంటాయి. అరిగిన మోకాళ్ళతో నిచ్చెనెక్కి, ఆ గోడకు బల్లిలా అంటుకుని పని చెయ్యాలి. ఆయన ఎక్కే ప్రతిసారీ ఇంట్లో ఇద్దరు దేవుళ్ళకు పని పడేది. మా అత్త బర్మా మనిషి. బుద్ధుడి బొమ్మ ఉన్న అర ముందు కొవ్వొత్తి వెలిగించేది. అమ్మమ్మ నూకాలమ్మ తల్లికి దణ్ణం పెట్టేది. మా అత్త తెలుగు మొత్తం అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నదే కావటంతో, మాకెవ్వరికీ రాని పాతకాలపు తెలుగు ఆవిడకు వచ్చు. "కోకో, ఆ నిచ్చెన నాకు సవితయిపోనాది, దాన్నొదిలీ," అనేది మావయ్యతో. కోకో అంటే అన్నయ్య అని. ఇక్కడి ఆడవాళ్ళు మొగుణ్ణి అలా పిలుస్తారు. మా అమ్మమ్మకు అది అలవాటు కావటానికి రెండేళ్ళు పట్టింది.

మైకు చేతికొచ్చింది కూడా మంచు చేతికొచ్చినట్టే, ఎవడో రాకపోవటం వల్ల. మా పేట మైదానంలో వానలు తగ్గాక ఫుట్‌బాల్ పోటీలు జరుగుతాయి. కమిటీ బల్ల దగ్గర మైకు, మైదానం నాలుగు మూలలా వెదురు గుంజలకు కట్టిన లౌడ్‌స్పీకర్లు. ఆట ఎలా సాగుతోందో ఒకాయన బర్మా భాషలో చెప్తూంటాడు. మధ్యమధ్య కిళ్ళీ కొట్టు పేరూ ఫోన్ల దుకాణం పేరూ చదువుతాడు. ఒక ఏడాది ఆయన గొంతు పోయి రాలేకపోతే, కమిటీ పెద్ద, అందరం ఊజీ అని పిలిచే ముసలాయన, "ఊరికే ఉన్నప్పుడు కూడా మాట్లాడతావు కదా, ఇక్కడ కూర్చుని మాట్లాడు," అని మావయ్యను కూర్చోబెట్టాడు. పదినిమిషాల్లో జనం బంతిని వదిలి స్పీకరువైపు తలలెత్తారు. మిగతావాళ్ళు జరిగింది చెప్తారు. మావయ్య జరగబోయేది చెప్తున్నాడు! "పదకొండో నంబరు ఇప్పుడు లోపలికి తిరుగుతాడు చూడండి," అంటే వాడు తిరిగేవాడు. జోస్యం కాదది. మైదానాన్ని గోలు గుంజల మధ్యనుంచి చూడటం అలవాటైన కళ్ళకు ఖాళీ ఎక్కడుందో ముందే తెలుస్తుంది. అప్పటినుంచి పేటంతా ఆయన్ని సయా అని, అంటే గురువుగారూ అని, పిలవటం మొదలుపెట్టింది. ఏసీ బాగుచేయించుకునేవాళ్ళు కూడా.

రెండేళ్ళ తరవాత ఒక చిన్న ఛానెలువాళ్ళు ఈ పోటీలను ఫోన్లలో చూపించటం మొదలుపెట్టారు. వాళ్ళ మనిషి ఒక కెమెరా, ఒక ల్యాప్‌టాపు పట్టుకుని వచ్చేవాడు. మావయ్య మైకు తీగనే తన పెట్టెకు కలిపించుకునేవాడు. ఆ తీగ కలిపేది నేనే. ఈ పోటీలు మొత్తం చక్కగా చెప్తే వచ్చే ఏడాదినుంచి ఉద్యోగంలోకి తీసుకుంటామని ఆ ఛానెలు మనిషి మావయ్యకు మాటిచ్చాడు. ఏడాది పొడుగునా, అన్ని పేటల మ్యాచులూ. ఆ మాట విన్నరోజు మావయ్య ఇంటికొచ్చి ఏమీ మాట్లాడకుండా అన్నం తిన్నాడు. మా ఇంట్లో అలాంటిది అంతకుముందు జరగలేదు. అత్త భయపడి నుదురు పట్టి చూసింది. సంగతి తెలిశాక, గోడకు ఆనించి ఉన్న నిచ్చెనను ఆవిడ చూసిన చూపు ఇంకా గుర్తుంది నాకు. రైలెక్కి వెళ్ళిపోబోయే చుట్టాన్ని అలా చూస్తాం.

సెమీఫైనల్లో మా పేటకూ తన్లిన్‌కూ మ్యాచి. తన్లిన్ నది అవతలి ఊరు. అక్కడా రేవు ఉంది, అక్కడా మన తెలుగువాళ్ళున్నారు. మా జట్టులో నలుగురు తెలుగు కుర్రాళ్ళు, అందులో ఒకడు వెనక వరసలో ఆడతాడు. చెరొక గోలు. ఆట ముగియటానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. మావయ్య చక్కటి బర్మా భాషలో చెప్పుకుపోతున్నాడు. అప్పుడు తన్లిన్ ఆటగాడొకడు చప్పుడు లేకుండా మావాడి వీపు వెనకకు చేరాడు. అవతల అంచునుంచి బంతి గాల్లోకి లేచింది. మావాడి కళ్ళు బంతిమీదే ఉన్నాయి. నాలుగు లౌడ్‌స్పీకర్లూ ఒక్కసారిగా తెలుగులో గర్జించాయి.

"ఒరే ఎనకాతల! ఎనకాతలున్నాడు! ఎడం మూసీ!"

మావాడు చూడకుండానే గిరుక్కున తిరిగి ఎడమకాలు చాపాడు. గోల్లోకి పోవలసిన బంతి ఆ కాలికి తగిలి బయటికి పోయింది.  మావయ్య చేత్తో నోరు మూసుకున్నాడు. బర్మావాళ్ళకు ఆ మాటలు అర్థం కాలేదు కాబట్టి సర్దుకుపోతుందేమోనని నాకు ఒక చిన్న ఆశ కలిగింది. ఆ ఆశ అవతలి గోలు దగ్గరినుంచి మైదానం మొత్తం పరిగెత్తుకొచ్చిన మనిషిని చూడగానే పోయింది. తన్లిన్ గోల్‌కీపరు తెలుగువాడు.

"ఏటి మావా, నువ్వు ఆట సెప్తన్నావా, ఆడిస్తన్నావా?" అన్నాడు రొప్పుతూ. వరస తెలియకపోయినా పెద్దవాళ్ళను మావా అనటం మాలో మామూలే. ఊపిరి తీసుకుని మళ్ళీ తనే అన్నాడు. "నాకెవులూ సెప్పనేదు కదా ఎనకాతల ఎవులున్నారో? నానూ గోలీనే. నువ్వూ గోలీవంట. ఇదేనా?" ఆ తరవాత రిఫరీ అడిగితే, స్పీకరులో వచ్చిన ప్రతి మాటనూ బర్మా భాషలోకి తప్పు లేకుండా మార్చి చెప్పాడు. అంత నిఖార్సయిన అనువాదం నేనెప్పుడూ వినలేదు.

మావయ్య లేచి నిలబడి, తప్పు తనదేనని మైకులోనే అన్నాడు. తన్లిన్ శిక్షకుడు ఆట రద్దు చెయ్యమన్నాడు. మావాళ్ళు కుదరదన్నారు. ఊజీ గడ్డం నిమురుకుని తీర్పు చెప్పాడు. మిగిలిన పన్నెండు నిమిషాలూ వచ్చే ఆదివారం ఆడాలి. సయా మైకు దగ్గర ఉండకూడదు. ఛానెలు మనిషి తీగలు చుట్టుకుంటూ, "సయా, నేనే ఫోను చేస్తాను," అన్నాడు. ఫోను చేస్తానని ఎవరైనా ఏ గొంతుతో అంటే ఏమర్థమో ఈ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలుసు. సోమవారం పొద్దున్న మావయ్య నిచ్చెన భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అత్త కొవ్వొత్తి వెలిగించింది. ఆ వారం బుద్ధుడి అరముందు ఖాళీ లేకుండా కొవ్వొత్తులు.

మంగళవారం ఫ్యాక్టరీలో కరెంటు పోయి జనరేటరు అందుకునే లోపు దొరికిన తీరికలో మార్గాలు రాసుకున్నాను. లౌడ్‌స్పీకర్లు తీసెయ్యటం, కుదరదు. కిళ్ళీ కొట్టు పేరు వినబడకపోతే పోటీలకు డబ్బు పెట్టి జెండాలు కుట్టించేవాళ్ళుండరు. మావయ్యను ఒట్టి బర్మాలో చెప్పమనటం, లాభం లేదు. హెచ్చరిక ఏ భాషలోనైనా హెచ్చరికే. నోరు అదుపులో పెట్టుకోమనటం. దీన్ని అత్తకు వినిపిస్తే, "అమలే!" అని, అంటే అమ్మో అని, నోటిమీద చెయ్యేసుకుని నవ్వి, "నదిని నిలబడమని సెప్పు, ముందు అది ఇంటాది," అంది. నాలుగోది మిగిలింది. మాటను ఆపనక్కర్లేదు. స్పీకరుకు ఆలస్యంగా చేరిస్తే చాలు. ఫోన్లో చూసేవాళ్ళకు మామూలుగానే వెళ్తుంది, వాళ్ళు మైదానంలో లేరు కదా. మైదానంలోని స్పీకర్లకు మాత్రం కొన్ని సెకన్లు ఆగి వెళ్తుంది. అప్పటికి ఆ హెచ్చరిక ఎవరికీ పనికిరాదు.

బుధవారం సాయంత్రం మా డాబా మీద, పాత ల్యాప్‌టాపూ ఒక స్పీకరూ పెట్టి పరీక్ష చేశాను. ఆట లేదు కాబట్టి ఎదుటి డాబామీద ఎండు చేపల కోసం ఒక కాకికీ పిల్లికీ జరుగుతున్న పోరాటాన్ని చెప్పమన్నాను. మావయ్య బాగానే మొదలుపెట్టాడు. ఇంతలో ఆయన ముందు మాటలు స్పీకరులోంచి తిరిగొచ్చి చెవిలో పడ్డాయి. వెంటనే నాలుక మందగించి, సాగదీసి, ఆగి, "కా... కాకి..." అని నిలబడిపోయాడు. మన గొంతు మనకే ఆలస్యంగా వినబడితే మాట తడబడుతుంది. ఇది నేను ముందే ఊహించవలసింది. ఊహించలేదు. "మజ్జానమే తాగీసినాడేటి?" అని అమ్మమ్మ కింద గదిలోంచి కేకేసింది. మర్నాడు ఫ్యాక్టరీ జనరేటరు గదిలో వాడే, చెవులు మూసే పసుప్పచ్చ డిప్పలు అడిగి తెచ్చాను. అవి పెట్టుకున్నాక మావయ్య మాట ధారగా సాగింది. కాకి గెలిచింది.

కానీ ఊజీ ఒప్పుకోవాలంటే ముందు తన్లిన్‌వాళ్ళు ఒప్పుకోవాలి. శనివారం మధ్యాహ్నం స్పీకరూ బ్యాటరీ ల్యాప్‌టాపూ సంచిలో పెట్టుకుని ఇద్దరం వంతెన మీదుగా బస్సులో వెళ్ళాం.  వంతెన మధ్యలో మావయ్య, "ఆడు నానూ గోలీనే అన్నాడు సూడు, అల్లుడూ, అది తగిలినాది నాకు. మంచు మీద రబ్బరు బిల్ల తగిల్నా అంత నొప్పెట్టనేదు," అన్నాడు. ఉద్యోగం గురించి ఒక్క మాటా అనలేదు.

తన్లిన్ శిక్షకుడి ఇల్లు రెండంతస్తులు. ఒట్టి గొంతు కిందికి వినబడకుండా మావయ్యను మేడగదిలో కిటికీ అద్దాల వెనక కూర్చోబెట్టి, స్పీకరును కింద సందులో గుంజకు కట్టాను. గోల్‌కీపరు వీధికి వీపు పెట్టి నిలబడాలి. శిక్షకుడు వెనకనుంచి కుడికో ఎడమకో బంతి విసురుతాడు. మావయ్య చూసి అరుస్తాడు. స్పీకరు చెప్పినదాన్నిబట్టి కీపరు తిరిగి పట్టాలి. ఆలస్యం లేకుండా పదింటికి తొమ్మిది పట్టాడు. ఒక సెకను పెడితే నాలుగు. రెండు పెడితే ఒక్కటీ అందలేదు. పైగా, పోయిన బంతికి వచ్చిన హెచ్చరిక విని అటు తిరిగినప్పుడు రెండో బంతి వచ్చి వీపున తగిలింది. సందులోవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చేశారు.

"రెండు సాలు," అన్నాడు మేడమీదినుంచి దిగివచ్చిన మావయ్య.

"సాలవు. ఎనిమిదెట్టు," అన్నాడు కీపరు.

"ఎనిమిదైతే గోలయ్యి, మల్లీ మజ్జిలో బంతెట్టి, ఆట మొదలైపోతాదిరా! జనం నవ్వుతారు. మూడు."

"ఆరు. మావా, నీ గొంతు పెద్దది, ముందే వొచ్చీనట్టుంటాది."

చేపల బజారులో రొయ్యలు బేరమాడినట్టు సెకన్లు బేరమాడుతూంటే నేను నోరు తెరుచుకుని చూశాను. చివరికి శిక్షకుడు అయిదు వేళ్ళు చూపించాడు. ఇద్దరూ ఒప్పుకున్నారు. కీపరు చెయ్యి పట్టుకుని మావయ్య ఏదో అనబోయాడు. వాడు అననివ్వలేదు. "ఒక్క మాట, మావా. రేపు అరిస్తే అరువు, ఆపుకోకు. ఆపుకుంటే నీ ఆట సప్పగుంటాది. మాకాడ కూడా నీదే ఇంటాం." మావయ్య తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీవైపు ముఖం పెట్టుకుని కూర్చున్నాడు. గాలికి కళ్ళు మండుతున్నాయన్నాడు. కిటికీ మూసే ఉంది.

ఫిర్యాదు చేసినవాడే సిఫారసు చేస్తే ఊజీ కాదనటానికి ఏమీ లేకపోయింది. పన్నెండు నిమిషాల ఆట చూడటానికి అంత జనం వస్తారని ఎవరూ అనుకోలేదు. నదవతలినుంచి రెండు లారీల నిండా వచ్చారు. ఛానెలు మనిషి కూడా వచ్చాడు. ఇది ఆఖరిసారి, అని నాతో మెల్లగా అన్నాడు. మావయ్య పసుప్పచ్చ డిప్పలు పెట్టుకుని, లుంగీలాంటి లాంజీ బిగించి కట్టుకుని, మైకు ముందు కూర్చున్నాడు. మొదటి నాలుగు నిమిషాలూ జనానికి వింతగా ఉంది. కళ్ళముందు తగిలిన దెబ్బ గురించి స్పీకరు తరవాతెప్పుడో చెప్పేది. తరవాత అలవాటుపడ్డారు. మంచి ఆట చూసి ఒకసారి, విని రెండోసారి చప్పట్లు కొట్టసాగారు.

తొమ్మిదో నిమిషంలో పోయిన వారం జరిగిందే మళ్ళీ జరిగింది. అదే అంచునుంచి బంతి లేచింది. మావాడి వీపు వెనక అదే ఆటగాడు. నేను మావయ్య పక్కనే ఉన్నాను కాబట్టి నాకు ముందే వినబడింది. ఆయన కుర్చీలోంచి లేచి, మెడనరాలు పొంగేలా, ప్రాణం పెట్టి అరిచాడు. డెబ్భై గజాల దూరానికి ఆ ఒట్టి గొంతు చేరదు. బంతి మావాడి తలమీదుగా పోయి, వాడి వెనకనుంచి దూసుకొచ్చిన కాలికి తగిలి, గోల్లో పడింది. తన్లిన్ జనం కేకలు వేసి, కేకలు ముగించి, ఊపిరి తీసుకుంటున్నారు. మావాడు నడుం మీద చేతులు పెట్టుకుని వలవైపు చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడు, ఆ కాస్త నిశ్శబ్దంలోకి, నాలుగు మూలలనుంచీ లౌడ్‌స్పీకర్లు గర్జించాయి.

"ఒరే ఎనకాతల! ఎనకాతలున్నాడు!"

మావాడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశాడు. అక్కడ ఎవరూ లేరు. ముందు తెలుగువాళ్ళు నవ్వారు. ఏమిటేమిటని అడిగినవాళ్ళకు చెప్తే వాళ్ళూ నవ్వారు. ఆ నవ్వు మైదానమంతా చుట్టూ తిరిగి కమిటీ బల్ల దగ్గరికి వచ్చేసరికి ఊజీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. అవతల గోల్లో తన్లిన్ కీపరు గుంజ పట్టుకుని కూలబడి నవ్వుతున్నాడు. ఓడిపోతున్న మావాళ్ళు కూడా నవ్వారు. డిప్పలు పెట్టుకున్న మావయ్య ఒక్కడికే ఏమీ వినబడక, "ఏటైనాది? ఏటల్లుడూ, ఎందుకు నవ్వతన్నారు?" అని మైకులోనే అడిగాడు. అయిదు సెకన్ల తరవాత అది కూడా మైదానమంతా వినబడింది.

మేం ఓడిపోయాం. ఆ నవ్వు ముక్క మర్నాటికి ఫోన్లనిండా తిరిగింది. ఛానెలు మనిషి నిజంగానే ఫోను చేశాడు. ఇంటికి కూడా వచ్చాడు. ఈ మనిషి మాట వినడానికే జనం మళ్ళీ వస్తారు, వదులుకోలేం అన్నాడు. అత్త ఆయనకు టీ పోసిచ్చి, ఆయన తాగుతూండగానే నిచ్చెన తెచ్చి నా చేతికిచ్చింది. "అల్లుడూ, బేగి అట్టుకుపో, ఆయన మనసు మారకముందే," అంది. ఎవరి మనసో చెప్పలేదు. ఇప్పుడు మావయ్య వారానికి మూడు మ్యాచులు చెప్తాడు. శనివారాలు ఒక కార్యక్రమం కూడా చేస్తాడు. తన్లిన్ కీపరును రెండుసార్లు పిలిచి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించాడు. ఇద్దరు గోల్‌కీపర్లు ఒకచోట చేరటంతో ఆ రెండు రోజులూ కార్యక్రమం సమయానికి ముగియలేదు.

నా చదువులో ఆలస్యం అనేది దోషం. తీగలోనైనా యంత్రంలోనైనా దాన్ని ఎంత తగ్గిస్తే అంత మంచి పనివాడని మాకు నేర్పారు, నేను రోజూ చేసేదీ అదే. కావాలని, కొలిచి, బేరమాడి మరీ ఆలస్యాన్ని కలిపింది జీవితంలో ఆ ఒక్కసారే. అయిదు సెకన్లంటే ఎంతో నాకు అప్పటిదాకా అంకెగానే తెలుసు. ఒక మాట పనికిరాకుండా పోవటానికీ, ఆ మాటన్న మనిషి పనికొచ్చేవాడవటానికీ సరిపోయేంత కాలం అది.